చక్కెర జబ్బు బిళ్ళ కథ

"షుగరు తగ్గిపోయింది. ఇంకా ఈ బిళ్ళలు ఎన్నాళ్ళు మింగాలి?"

ఈ మాట చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. ఒక ఊళ్ళో ఒక అత్తగారు కూడా ఇదే మాట అన్నది. ఆమెకు యాభై అయిదేళ్ళు. ఆరోగ్య కేంద్రంలో పరీక్ష చేస్తే చక్కెర జబ్బు అని తేలింది. బిళ్ళలు ఇచ్చారు. ఆరు నెలలు వేసుకున్నది. మళ్ళీ పరీక్ష చేయిస్తే చక్కెర మామూలుకు వచ్చింది. "జబ్బు పోయింది" అనుకున్నది. బిళ్ళలు మానేసింది.

మూడు నెలలు గడిచాయి. కలుపు తీయడానికి పోతే కాలికి ముల్లు గుచ్చుకున్నది. చిన్న పుండు అయింది. వారం గడిచినా మానలేదు. రక్తం పరీక్ష చేయిస్తే పరగడుపున చక్కెర 260 ఉంది.

ఆమెకు భయం వేసింది. పక్కింటి వదిన తన బిళ్ళల అట్ట తెచ్చి ఇచ్చింది. "నీవీ నావీ కలిపి వేసుకో. తొందరగా తగ్గుతుంది" అన్నది.

కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నది. అట్టల మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. అవి ఆమెకు రావు. కానీ అంకెలు వచ్చు. ఒక అట్ట మీద 500 అని ఉంది. రెండో అట్ట మీద కూడా 500 అని ఉంది. దాని పక్కన ఇంకో చిన్న అంకె కూడా ఉంది.

"అత్తయ్యా, ఆగండి. రెండింటి మీదా 500 అనే ఉంది. రేపు నర్సమ్మను అడిగి వేసుకుందాం" అన్నది కోడలు.

మర్నాడు నర్సమ్మ రెండు అట్టలూ చూసింది. "మంచి పని చేశారు. పేర్లు వేరు గానీ రెండింటిలో ఉన్నది ఒకటే మందు పెద్దమ్మా. దాని పేరు మెట్‌ఫార్మిన్. పైగా ఈ రెండో అట్టలో ఇంకో మందు కూడా కలిసి ఉంది. రెండూ మింగితే ప్రమాదం అయ్యేది" అన్నది.

ఒక మందును రెండు మందులు అనుకోవడం ఒక పొరపాటు. చక్కెర తగ్గగానే మందు మానేయడం ఇంకో పొరపాటు. ఈ బిళ్ళ ఒంట్లో ఏం పని చేస్తుందో తెలిస్తే ఈ రెండు పొరపాట్లూ జరగవు.

చక్కెర ఎక్కడ నుంచి వస్తుంది?

మనం అన్నం తింటాం. జొన్న రొట్టె తింటాం. అరటిపండు తింటాం. ఇవన్నీ పేగుల్లో అరిగి చక్కెరగా మారతాయి. దీన్ని గ్లూకోజు అంటారు. అది రక్తంలో కలుస్తుంది. ఒళ్ళంతా తిరుగుతుంది. పని చేయడానికి బలం ఇస్తుంది.

పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు పరగడుపున అంత రక్తంలోనూ ఉండే చక్కెర ఎంత? ఒక్క టీ చెంచాడు! అంతకు బాగా పెరిగితే కష్టమే, బాగా తగ్గితే కష్టమే.

అన్నం తినగానే చక్కెర పెరుగుతుంది కదా. మిగిలినది ఎక్కడికి పోతుంది? కొంత కండల్లోకి పోతుంది. కొంత కాలేయంలోకి పోతుంది. కాలేయాన్నే లివర్ అంటారు. అది కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది.

కాలేయం మన ఇంటి గాదె లాంటిది. పంట వచ్చినప్పుడు గాదెలో ధాన్యం పోస్తాం. అవసరమైనప్పుడు తీసుకుంటాం. కాలేయం కూడా అంతే. తిన్నప్పుడు చక్కెర దాచుకుంటుంది. రాత్రి మనం నిద్రపోతాం. ఏమీ తినం. అప్పుడు కాలేయం కొంచెం కొంచెంగా చక్కెరను రక్తంలోకి వదులుతుంది. గాదె ఒట్టిపోతుంటే కొత్త చక్కెరను తానే తయారు చేస్తుంది కూడా.

ఈ పనులన్నిటికీ కబురు చెప్పేది ఇన్సులిన్. అది పొట్ట వెనక ఉన్న క్లోమం అనే అవయవంలో పుడుతుంది. అన్నం తినగానే ఇన్సులిన్ బయలుదేరుతుంది. కండలకు, "చక్కెర వచ్చింది, తీసుకోండి" అని చెబుతుంది. కాలేయానికి, "ఇక చాలు, చక్కెర వదలకు" అని చెబుతుంది.

పెద్దవాళ్ళకు ఎక్కువగా వచ్చే చక్కెర జబ్బులో ఏమవుతుంది? ఇన్సులిన్ చెప్పే కబురు కండలకు, కాలేయానికి సరిగా వినపడదు. పోను పోను ఇన్సులిన్ పుట్టడం కూడా తగ్గుతుంది. కండలు చక్కెరను తీసుకోవు. కాలేయం ఆపకుండా చక్కెర వదులుతూనే ఉంటుంది. రక్తంలో చక్కెర పెరిగిపోతుంది.

చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. "రాత్రి ఒక్క రొట్టె తిని పడుకున్నాను. పొద్దున్నే ఏమీ తినకుండా పరీక్ష చేయించాను. అయినా చక్కెర ఎందుకు పెరిగింది?" దీనికి జవాబు ఇదే. ఆ చక్కెర అంతా రాత్రి తిన్న రొట్టెలోది కాదు. చాలావరకు రాత్రంతా కాలేయం వదిలిన చక్కెర.

బిళ్ళ చేసే పని

మెట్‌ఫార్మిన్ బిళ్ళ ముఖ్యంగా పని చేసేది కాలేయం మీదే. కొత్తగా చక్కెర తయారు చేసే పనిని అది తగ్గిస్తుంది. గాదె తలుపును దగ్గరగా వేస్తుందన్న మాట. కండలు ఇన్సులిన్ మాట కాస్త బాగా వినేటట్టు చేస్తుంది. పేగుల్లో కూడా కొంత పని చేస్తుంది.

ఈ బిళ్ళ ఇన్సులిన్‌ను ఎక్కువగా పుట్టించదు. అందువల్ల ఒక్క మెట్‌ఫార్మినే వేసుకునేవాళ్ళకు చక్కెర మరీ పడిపోయి కళ్ళు తిరగడం చాలా అరుదు. ఇది ఈ మందుకున్న మంచి గుణం. ఇంకో మంచి గుణం ఉంది. దీనివల్ల ఒళ్ళు పెరగదు.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గమనించాలి. బిళ్ళ ఒంట్లో ఉన్నంతసేపే దాని పని. కడుపులోకి పోయిన మందు రక్తంలో కలుస్తుంది. ఒంట్లో ఏ మార్పూ చెందకుండా అలాగే ఉంటుంది. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో బయటికి పంపేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో దాదాపు అంతా పోతుంది. మళ్ళీ బిళ్ళ వేయకపోతే గాదె తలుపు మళ్ళీ తెరుచుకుంటుంది.

అంటే, చక్కెర తగ్గింది జబ్బు పోయి కాదు. బిళ్ళ పని చేస్తున్నది కాబట్టి తగ్గింది. ఆ అత్తగారు పొరపడింది ఇక్కడే. గొడుగు వేసుకుంటే తడవం. తడవడం లేదు కదా అని వానలో గొడుగు మూసేస్తే?

బరువు బాగా తగ్గి, తిండి మార్చుకుని, రోజూ నడిచే కొందరికి డాక్టర్లు బిళ్ళలు తగ్గిస్తారు. కొందరికి ఆపేస్తారు కూడా. కానీ అది పరీక్షలు చూసి డాక్టరు చెప్పవలసిన మాట. మనంతట మనం తేల్చుకునేది కాదు.

ఒక మొక్క, ఒక ముయల్‌గడ్డ కాదు, ఒక మందు

యూరప్ దేశాల్లో ఒక మొక్క ఉంది. దాని పేరు గలేగా. చిక్కుడు జాతి మొక్క. లేత ఊదారంగు పూలు పూస్తుంది. వందల ఏళ్ళ కిందట అక్కడి నాటువైద్యులు దాన్ని మందుగా వాడేవారు. ఆ మొక్కలో గ్వానిడిన్ జాతికి చెందిన పదార్థం ఉంది. 1918లో గ్వానిడిన్‌ను జంతువులకు ఇచ్చి చూశారు. రక్తంలో చక్కెర తగ్గింది. కానీ అది విషం. గలేగా మొక్కను ఎక్కువగా మేసిన గొర్రెలు చచ్చిపోతాయి కూడా.

1922లో ఐర్లండు దేశంలోని డబ్లిన్ నగరంలో వెర్నర్, బెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మెట్‌ఫార్మిన్‌ను మొదటిసారి తయారు చేశారు. ఇది గ్వానిడిన్‌కు చుట్టమే, కానీ దానంత విషం కాదు. 1929లో కుందేళ్ళ మీద పరీక్షించి, చక్కెర తగ్గిస్తుందని కనుక్కున్నారు. అయితే అప్పటికే ఇన్సులిన్ సూదిమందు వచ్చేసింది. అందరి చూపూ దాని మీదే. ఈ మందును అందరూ మరిచిపోయారు.

1950 ప్రాంతంలో ఫిలిప్పీన్స్ దేశంలో గార్సియా అనే డాక్టరు దీన్ని ఫ్లూ జ్వరానికి వాడాడు. రోగుల రక్తంలో చక్కెర తగ్గడం గమనించాడు. ఆ సంగతి ఫ్రాన్సు దేశపు డాక్టరు జాన్ స్టెర్న్ దృష్టికి వచ్చింది. ఆయన పారిస్‌లో చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఈ మందు ఇచ్చి చూశాడు. 1957లో ఫలితాలు అచ్చువేశాడు. మందుకు గ్లూకోఫేజ్ అని పేరు పెట్టాడు. అంటే "చక్కెరను తినేది" అని అర్థం. నిజానికి ఈ బిళ్ళ చక్కెరను తినదు. చక్కెర తయారీని తగ్గిస్తుంది. అయినా పేరు నిలిచిపోయింది.

దీనికి ఫెన్‌ఫార్మిన్ అనే అక్కలాంటి మందు ఉండేది. దానివల్ల కొందరి రక్తంలో ఆమ్లం పేరుకుని ప్రాణాలు పోయాయి. 1970ల్లో చాలా దేశాలు దాన్ని మానేశాయి. అక్క చేసిన తప్పుకు చెల్లెలిని కూడా చాలాకాలం అనుమానంగా చూశారు. అమెరికాలో మెట్‌ఫార్మిన్‌కు అనుమతి వచ్చింది 1994 డిసెంబరులోనే.

1998లో బ్రిటన్‌లో ఒక పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. చక్కెర జబ్బుతో పాటు ఒళ్ళు బరువు ఉన్నవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించారు. కొందరికి ముఖ్యంగా తిండి జాగ్రత్తలే చెప్పారు. కొందరికి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. తిండి జాగ్రత్తల వాళ్ళలో చక్కెర జబ్బు వల్ల 100 మంది చనిపోయే లెక్కన, మెట్‌ఫార్మిన్ వాళ్ళలో 58 మందే చనిపోయారు. అప్పటి నుంచి ఈ బిళ్ళకు గౌరవం పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన అత్యవసర మందుల జాబితాలో ఇది ఉంది.

ఈ మందు ఇప్పుడు మన దేశంలోనే పెద్ద ఎత్తున తయారవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనూ, పశ్చిమ గోదావరి జిల్లా తణుకులోనూ తయారవుతుంది. వేరే దేశాలకు కూడా పోతుంది.

ఈ కథలో మనం నేర్చుకోవలసింది ఒకటి ఉంది. "చెట్టు మందు కదా, ఏమీ కాదు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. గలేగా కూడా చెట్టు మందే. ఆకు పసరులో మందు ఎంత ఉందో, విషం ఎంత ఉందో కొలత ఉండదు. బిళ్ళలో కొలత ఉంటుంది.

బిళ్ళలో ఏముంది?

వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం. తర్వాత గీతలతో కలుపుతాం. లోకంలో ప్రతి పదార్థమూ అలాంటి ముగ్గే. చుక్కలను అణువులు అనుకుందాం. అవి కంటికి కనపడవు. అంత చిన్నవి.

మెట్‌ఫార్మిన్ ముగ్గులో 20 చుక్కలు ఉంటాయి. కార్బన్ చుక్కలు 4. హైడ్రోజన్ చుక్కలు 11. నైట్రోజన్ చుక్కలు 5. ఇవి కొత్తవి కావు. బొగ్గులో ఉండేది కార్బన్. నీళ్ళలో ఉండేది హైడ్రోజన్. గాలిలోనూ, మనం తినే పప్పులోనూ నైట్రోజన్ ఉంది. చుక్కలు పాతవే. కలిపిన తీరు వేరు. అందుకే గుణం వేరు. గ్వానిడిన్ ముగ్గులు రెండింటిని జంటగా కలిపినట్టు మెట్‌ఫార్మిన్ ముగ్గు ఉంటుంది.

ఫ్యాక్టరీలో రెండు రసాయనాలను కలిపి వేడి చేసి దీన్ని తయారు చేస్తారు. తయారైన మందు ఒక రకం ఉప్పు రూపంలో ఉంటుంది. తెల్లటి పొడి. నీళ్ళలో బాగా కరుగుతుంది. చేదుగా ఉంటుంది. దాన్ని అదిమి బిళ్ళలు చేస్తారు.

బిళ్ళ అట్ట మీద 500 అని ఉంటే 500 మిల్లీగ్రాముల మందు ఉందని అర్థం. అంటే అర గ్రాము. 1000 అని ఉంటే ఒక గ్రాము. 850 అని ఉన్న బిళ్ళలు కూడా ఉంటాయి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. పేరు మారినా లోపలి మందు ఒకటే కావచ్చు. అందుకే పాత అట్ట పారేయకుండా, కొత్త అట్ట పక్కన పెట్టి చూసుకోవాలి. అంకెలు మారితే అడగాలి. గడువు తేదీ కూడా చూసుకోవాలి.

కొన్ని అట్టల మీద రెండు అంకెలు ఉంటాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అలాంటి బిళ్ళలో రెండు మందులు కలిసి ఉండవచ్చు. రెండోది ఇన్సులిన్‌ను ఎక్కువగా పుట్టించే మందు అయితే జాగ్రత్తగా ఉండాలి. అది వేసుకుని అన్నం మానేస్తే చక్కెర పడిపోతుంది. చెమటలు పడతాయి. చేతులు వణుకుతాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది. విపరీతంగా ఆకలి వేస్తుంది. అప్పుడు వెంటనే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాలి. తర్వాత ఏదైనా తినాలి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. శనివారాలు, కార్తీక సోమవారాలు, రంజాను ఉపవాసాలు ఉండేవాళ్ళు ముందుగానే డాక్టరును అడగాలి.

ఎట్లా వేసుకోవాలి?

మెట్‌ఫార్మిన్‌ను అన్నంతో పాటు గానీ, అన్నం తిన్న వెంటనే గానీ వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది.

మొదటి వారాల్లో కొందరికి వికారంగా ఉంటుంది. విరేచనాలు అవుతాయి. నోట్లో ఇనుము నాకినట్టు రుచి వస్తుంది. "ఈ బిళ్ళ నాకు పడలేదు" అని చాలామంది ఇక్కడే మానేస్తారు. ఇవి చాలామందికి కొద్ది వారాల్లో తగ్గిపోతాయి. అందుకే డాక్టర్లు మొదట తక్కువ మందుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. తగ్గకపోతే వెళ్ళి చెప్పాలి. నెమ్మదిగా కరిగే బిళ్ళలు కూడా ఉన్నాయి. వాటిని మార్చి ఇస్తారు.

నెమ్మదిగా కరిగే బిళ్ళను నమలకూడదు. పొడి చేయకూడదు. విరిచేముందు అడగాలి. ఒక్కోసారి ఈ బిళ్ళ పైపొర మలంలో బిళ్ళలాగే కనిపిస్తుంది. "బిళ్ళ అరగలేదు" అని కంగారు పడనక్కరలేదు. లోపలి మందు ఒంట్లోకి పోయింది. వచ్చింది ఒట్టి గుల్ల.

ఒక పూట బిళ్ళ మరిచిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. ఒక్కటే వేసుకోవాలి.

ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలి?

ఈ మందు బయటికి పోయే దారి కిడ్నీలే. కిడ్నీలు బాగా దెబ్బతింటే మందు ఒంట్లోనే పేరుకుపోతుంది. అప్పుడు లాక్టిక్ ఆమ్లం కూడా పేరుకోవచ్చు. పెరుగుకు పులుపు ఇచ్చేది ఈ ఆమ్లమే. మన కండల్లో కూడా అది పుడుతుంది. మామూలుగా కాలేయం దాన్ని తీసుకుని చక్కెరగా మార్చేస్తుంది. మందు ఎక్కువై కాలేయం ఆ పని చేయలేకపోతే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఇది చాలా అరుదు. కానీ వస్తే ప్రాణాపాయం. ఇది పెరుగు తినడం వల్ల రాదు. పెరుగు మానక్కరలేదు.

అందుకే ఏడాదికి ఒక్కసారైనా కిడ్నీల పరీక్ష చేయించుకోవాలి. దానికి రక్తం తీసి చూస్తారు.

విపరీతంగా వాంతులు, విరేచనాలు అవుతుంటే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు దెబ్బతింటాయి. అప్పుడు నర్సమ్మనో డాక్టరునో వెంటనే అడగాలి. తగ్గేదాకా ఈ బిళ్ళ ఆపమంటారు. తగ్గాక మళ్ళీ మొదలుపెట్టమంటారు. ఆపరేషనుకు ముందు, రంగుమందు ఎక్కించి తీసే స్కానుకు ముందు "నేను చక్కెర బిళ్ళ వేసుకుంటున్నాను" అని తప్పకుండా చెప్పాలి.

సారా, కల్లు తాగేవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇంట్లో మగవాళ్ళు ఈ బిళ్ళ వేసుకుంటూ తాగుతుంటే ఈ మాట వాళ్ళకు చదివి వినిపించాలి.

ఊపిరి వేగంగా ఆడటం, విపరీతమైన నీరసం, కడుపునొప్పి, మగతగా ఉండటం కలిసి వస్తే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

ఏళ్ళ తరబడి ఈ బిళ్ళ వేసుకునేవాళ్ళలో కొందరికి బి-12 అనే విటమిను తగ్గుతుంది. పాలు, గుడ్లు, చేపలు, మాంసంలో అది ఉంటుంది. అది తగ్గితే రక్తం తగ్గుతుంది. అరికాళ్ళు తిమ్మిరెక్కుతాయి, మంటలు పుడతాయి. చక్కెర జబ్బు వల్ల కూడా ఇలాగే తిమ్మిర్లు వస్తాయి. ఏది ఎందువల్లో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. బి-12 తగ్గితే దానికి వేరే బిళ్ళలు, సూదిమందు ఉన్నాయి.

ఇంకా ఎవరికి ఇస్తారు?

కొందరు ఆడపిల్లలకు నెలసరి సరిగా రాదు. ఒళ్ళు వస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. స్కానులో అండాశయాల్లో చిన్న చిన్న నీటి బుడగలు కనిపిస్తాయి. వీళ్ళలో చాలామందికి ఇన్సులిన్ మాట ఒంటికి సరిగా వినపడదు. అందుకే డాక్టర్లు కొందరికి ఈ బిళ్ళ ఇస్తారు. నెలసరి సరిపడవచ్చు. గర్భం కూడా రావచ్చు. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్ళు ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. "మా అమ్మాయికి చక్కెర బిళ్ళ ఇచ్చారు, చక్కెర జబ్బు వచ్చింది" అని ఎవరూ అనుకోకూడదు. అది వేరు, ఇది వేరు.

గర్భిణులకు కూడా కొందరికి చక్కెర పెరుగుతుంది. అందుకే గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటల తర్వాత రక్తం చూస్తారు. 140, అంతకు మించి ఉంటే మొదట తిండి మార్పులు, నడక చెబుతారు. అప్పటికీ తగ్గకపోతే ఇన్సులిన్ గానీ మెట్‌ఫార్మిన్ గానీ ఇస్తారు. ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలి.

చిన్నపిల్లలకు వచ్చే చక్కెర జబ్బు చాలావరకు వేరు. వాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ దాదాపు పుట్టదు. వాళ్ళకు ఇన్సులిన్ సూదిమందే ప్రాణం. దాన్ని ఆపి బిళ్ళలు వేస్తే బిడ్డ దక్కదు.

బిళ్ళ గొప్పదా? నడక గొప్పదా?

పరగడుపున చక్కెర 100 లోపు ఉంటే మామూలు. 126, అంతకు మించి ఉంటే చక్కెర జబ్బు. మళ్ళీ ఒకసారి పరీక్షించి ఖాయం చేస్తారు. 100 నుంచి 125 దాకా ఉంటే జబ్బు గడప దగ్గర నిలబడి ఉన్నట్టు. 2023లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బు ఉంది. గడప దగ్గర ఉన్నవాళ్ళు 13 కోట్ల మందికి పైనే.

గడప దగ్గర ఉన్నవాళ్ళ మీద అమెరికాలో ఒక పరిశోధన చేశారు. 2002లో ఫలితాలు వచ్చాయి. కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చారు. కొందరికి మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. కొందరికి తిండి జాగ్రత్త, వారానికి 150 నిమిషాల నడక చెప్పారు. ఉత్తుత్తి బిళ్ళ వాళ్ళలో 100 మందికి జబ్బు వచ్చే లెక్కన, మెట్‌ఫార్మిన్ వాళ్ళలో 69 మందికి వచ్చింది. నడిచినవాళ్ళలో 42 మందికే వచ్చింది. నడక గెలిచింది!

చెన్నైలో కూడా ఇలాంటి పరిశోధన జరిగింది. 2006లో ఫలితాలు వచ్చాయి. అక్కడ నడక, బిళ్ళ దాదాపు సమానంగా పని చేశాయి.

జబ్బు రాకముందు నడక, తిండి జాగ్రత్తే పెద్ద మందు. జబ్బు వచ్చాక బిళ్ళ కావాలి, నడకా కావాలి. "బిళ్ళ వేసుకున్నాను కదా" అని రెండు గిన్నెల అన్నం ఎక్కువ తింటే బిళ్ళ ఏం చేయగలదు? పళ్ళెంలో అన్నం తగ్గించాలి. ఆకుకూర, కూరగాయలు, పప్పు పెంచాలి. "పొలం పని చేస్తున్నాం, ఇంకా నడక ఎందుకు" అనేవాళ్ళూ ఉన్నారు. రోజూ ఒళ్ళు వంచి పని చేసేవాళ్ళకు అది మంచిదే. పని లేని రోజుల్లో మాత్రం నడవాలి.

ముప్పై ఏళ్ళు దాటిన ప్రతివాళ్ళూ చక్కెర పరీక్ష చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేస్తారు. మెట్‌ఫార్మిన్ బిళ్ళలు కూడా డబ్బు తీసుకోకుండా ఇస్తారు.

అత్తా కోడళ్ళు ఏం చేశారు?

నర్సమ్మ పుండు కడిగి కట్టు కట్టింది. డాక్టరు మళ్ళీ బిళ్ళలు మొదలుపెట్టాడు. పక్కింటి వదిన అట్టను వదినకు తిరిగి ఇచ్చేశారు. పుండు మానడానికి నెల పైన పట్టింది.

కోడలు ఒక తెల్లకాగితం తీసుకున్నది. పెద్ద పెద్ద అక్షరాలతో ఇట్లా రాసింది:

మెట్‌ఫార్మిన్ 500.
పొద్దున అన్నం తిన్నాక ఒకటి.
రాత్రి అన్నం తిన్నాక ఒకటి.
అడగకుండా మానకూడదు.
అడగకుండా పెంచకూడదు.

ఆ కాగితాన్ని బిళ్ళల డబ్బా మూతకు అంటించింది. అత్తగారికి చదువు రాదు. "ఏం రాశావే? చదువు" అన్నది. కోడలు చదివి వినిపించింది. అత్తగారు కాసేపు ఆ అక్షరాలకేసి చూసింది. "ఈ 500 అనే అంకె ఎట్లా రాస్తారో నాకు కూడా చూపించు" అన్నది.

గుర్తుంచుకోండి

1. చక్కెర తగ్గింది బిళ్ళ పని చేస్తున్నది కాబట్టి. అడగకుండా మానకండి.
2. ఒకరి బిళ్ళలు ఒకరు వేసుకోకండి.
3. అట్ట మీద అంకె చూడండి. మారితే అడగండి.
4. అన్నంతో పాటు గానీ, తిన్న వెంటనే గానీ వేసుకోండి.
5. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే వెంటనే నర్సమ్మను అడగండి.
6. ఏడాదికి ఒకసారి కిడ్నీల పరీక్ష చేయించుకోండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరైనా చక్కెర బిళ్ళలు వేసుకుంటున్నారా? ఆ అట్ట తెచ్చి అంకెలు చదవండి.
2. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున చక్కెర ఎందుకు పెరుగుతుంది? మీ మాటల్లో చెప్పండి.
3. మీ ఇంటి బిళ్ళల డబ్బా మీద అంటించడానికి ఒక కాగితం రాయండి.